చేతులు కడిగాం, గాలిని మరిచాం

2020 తొలి నెలల్లో కోవిడ్ గురించి ఆరోగ్య సంస్థలు ఇచ్చిన సలహాలను వరసగా పెట్టి చదివితే ఎవరికైనా తల తిరుగుతుంది. జబ్బు లేనివాళ్లకు మాస్కు అక్కర్లేదని మొదట చెప్పారు. ఏప్రిల్ 3న అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం (సీడీసీ) మాట మార్చి, జనంలోకి వెళ్లేటప్పుడు గుడ్డతోనైనా ముక్కూ నోరూ కప్పుకోమంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట అనడానికి జూన్ 5 దాకా పట్టింది. ఆ తర్వాత చాలా దేశాల్లో మాస్కు లేకపోతే జరిమానాలు. మూడేళ్లు తిరక్కుండానే, 2023లో, మాస్కులు పనిచేయవని తేలిపోయిందంటూ వార్తలు. వీళ్లకే ఏమీ తెలియదు, మనకేం చెబుతారు అని జనం అనుకున్నారంటే తప్పు పట్టలేం.

తెలియకపోవడం కొంత నిజమే, వైరస్ కొత్తది. జనం ఎగబడి కొంటే ఆసుపత్రి సిబ్బందికి మాస్కులు దొరకవన్న భయం కూడా ఆ మొదటి సలహా వెనక ఉంది. 'మీకు అక్కర్లేదు' అనే బదులు 'ప్రస్తుతానికి వాళ్లకు వదిలేయండి' అని ఉంటే నమ్మకం ఇంతగా చెడేది కాదని నా అభిప్రాయం. అయితే చిక్కుముడి అక్కడితో విడిపోదు. మాస్కు పనిచేస్తుందా, చేతులు కడిగితే చాలా అనే వాదనలకు ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: జబ్బు ఒకరి నుంచి ఇంకొకరికి ఏ దారిలో వెళ్తోంది? ఈ ఒక్క విషయంలో అంచనా తప్పడం వల్లే ప్రపంచంలో సగం మంది పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి, తలుపులు మూసిన గదిలో మాస్కు గడ్డం కిందికి లాగి కబుర్లు చెప్పుకున్నారు.

దారి ఏది?

ఊపిరితో ముడిపడిన జబ్బులు మనిషి నుంచి మనిషికి పాకడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. దగ్గినప్పుడో తుమ్మినప్పుడో ఎగిరిన పెద్ద తుంపర నేరుగా ఎదుటివాళ్ల కంట్లోనో ముక్కులోనో నోట్లోనో పడటం ఒకటి. ఆ తుంపర పడిన చోటును ముట్టుకుని, అదే చేత్తో ముఖం తడుముకోవడం రెండోది. మాట్లాడినా, పాడినా, ఊరికే ఊపిరి వదిలినా బయటికొచ్చే అతి సన్నని తుంపర్లు గాలిలో తేలుతుంటే వాటిని పీల్చుకోవడం మూడోది.

మనకు చెప్పే జాగ్రత్తలన్నీ వీటిలో ఏదో ఒక దారికి అడ్డం పడేవే. చేతులు కడిగితే రెండో దారి మూసుకుంటుంది, మూడోదానికి దానితో సంబంధమే లేదు. మీటరు దూరం నిలబడటం మొదటిదానికి బాగా, మూడోదానికి కొంతమేరకు పనికొస్తుంది. కిటికీ తెరవడం మూడోదానికే. మాస్కు మొదటిదానికీ మూడోదానికీ అడ్డం. ఎంత గట్టి అడ్డం అన్నది మాస్కును బట్టి, కట్టుకునే తీరును బట్టి ఉంటుంది. అందువల్ల జబ్బు ఎక్కువగా ఏ దారి పట్టిందో తెలియకుండా ఏ జాగ్రత్త ఎంత ముఖ్యమో చెప్పడం కుదరదు.

ఈ తగువు కొత్తదేం కాదు. 1910 చివర్లో ఈశాన్య చైనాలోని మంచూరియాలో ప్లేగు చెలరేగింది. ప్లేగు అంటే ఎలుకలు, వాటి మీది గోమార్లు అని అప్పటికి వైద్యలోకం స్థిరపడిపోయింది. హార్బిన్ నగరానికి వెళ్లిన వూ లియెన్-టే అనే 31 ఏళ్ల వైద్యుడు శవపరీక్ష చేసి, ఇది ఊపిరితిత్తులకు పట్టిన ప్లేగు అనీ రోగి ఊపిరి నుంచే పక్కవాళ్లకు అంటుకుంటోందనీ తేల్చాడు. దూదిని మధ్యలో పెట్టి, గాజుగుడ్డ పొరలతో మాస్కులు కుట్టించి వైద్యులకూ సిబ్బందికీ పంచాడు. ఆయన కంటే వయసులో, హోదాలో పెద్దవాడైన ఫ్రెంచి వైద్యుడు జెరాల్డ్ మెస్నీ ఈ వాదాన్ని కొట్టిపారేసి, మాస్కు లేకుండానే రోగుల్ని పరీక్షించాడు. కొద్ది రోజుల్లోనే అదే ప్లేగుతో చనిపోయాడు. దాంతో అందరూ మాస్కు అందుకున్నారు. ఆ ప్లేగు పోయేలోపు దాదాపు 60,000 మందిని తీసుకుపోయింది. మెస్నీ అజాగ్రత్తపరుడేం కాదు. దారి విషయంలో పాత పాఠాన్ని గట్టిగా నమ్మాడు, అంతే.

2020లో కూడా పాత పాఠమే దెబ్బ కొట్టింది. మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ, కోవిడ్-19 గాలి ద్వారా వ్యాపించదు, ఇది నిజం అని సోషల్ మీడియాలో పెద్ద అక్షరాలతో ప్రకటించింది. దానికి 18 రోజుల ముందే, మార్చి 10న, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం స్కాజిట్ కౌంటీలో ఒక బృందగాన సాధన జరిగి ఉంది. గుమ్మం దగ్గర శానిటైజర్ పెట్టారు. కౌగిలింతలు, కరచాలనాలు మానుకున్నారు. 61 మంది రెండున్నర గంటల పాటు కలిసి పాడారు. వాళ్లలో ఒకరికి అప్పటికే జలుబు లాంటి లక్షణాలున్నాయి. చివరికి ఆ ఒకరితో కలిపి 53 మంది జబ్బుపడినట్టు లెక్క తేలింది, ఇద్దరు చనిపోయారు. అంతమంది మీద నేరుగా తుంపర పడి ఉంటుందని గానీ, అంతమందీ ఒకే కుర్చీని ముట్టుకున్నారని గానీ అనుకోవడం కష్టం.

ఐదు మైక్రాన్ల గీత

మరి అంత పెద్ద సంస్థ అంత ధీమాగా ఎలా చెప్పింది? దీనికి జవాబు ఒక అంకెలో ఉంది.

తుంపర్లతో జబ్బులు వ్యాపిస్తాయని 1897లోనే జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఫ్లూగే చూపించాడు. శస్త్రచికిత్స చేసేటప్పుడు వైద్యులు మూతికి గాజుగుడ్డ కట్టుకోవడం మొదలైంది కూడా ఆ ఏడాదే. 1934లో విలియం వెల్స్ అనే అమెరికన్ పరిశోధకుడు ఇంకో అడుగు ముందుకేశాడు. పెద్ద తుంపర ఆరేలోపే నేల మీద పడుతుంది, చిన్నది పడేలోపే ఆరిపోయి గాలిలో తేలిపోతుంది అన్నాడు. ఈ రెంటికీ మధ్య ఆయన గీసిన గీత సుమారు 100 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

తర్వాతి కాలపు వైద్య పాఠాల్లో మాత్రం ఆ గీత 5 మైక్రాన్లకు దిగిపోయింది. ఐదు కంటే పెద్దవన్నీ ఒకటి రెండు మీటర్లలో రాలిపోతాయి, చిన్నవే తేలతాయి అని రాసుకున్నారు. ఈ ఐదు ఎక్కడిదని లిన్సీ మార్, మరికొందరు పరిశోధకులు పాత పత్రాలు తవ్వి 2021లో బయటపెట్టారు. క్షయ మీద జరిగిన పరిశోధనల్లో, ఊపిరితిత్తుల అట్టడుగు దాకా చేరగలిగే కణాల పరిమాణం 5 మైక్రాన్ల లోపు అని వచ్చింది. లోపలికి ఎంత దూరం వెళ్తుందన్న కొలత, బయట ఎంతసేపు తేలుతుందన్న కొలతతో ఎక్కడో కలిసిపోయింది. దశాబ్దాల పాటు ఎవరూ వెనక్కి తిరిగి చూసుకోలేదు.

లెక్క వేసి చూస్తే తేడా బోధపడుతుంది. కదలని గాలిలో మనిషి నోటి ఎత్తు నుంచి 100 మైక్రాన్ల తుంపర నేలకు చేరడానికి అయిదారు సెకన్లు చాలు. 5 మైక్రాన్లదానికి అరగంట పడుతుంది. ఒక మైక్రానుదానికైతే పది గంటలు దాటుతుంది. మనుషులు తిరిగే గదిలో గాలి ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది కాబట్టి అది ఆలోపు ఎక్కడికైనా వెళ్తుంది.

2020 జులైలో 239 మంది శాస్త్రవేత్తల మద్దతుతో లిడియా మొరావ్‌స్కా, డొనాల్డ్ మిల్టన్ ఈ సంగతి పట్టించుకోమని బహిరంగంగా రాశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మెల్లగా, మెలికలు తిరుగుతూ ఒప్పుకుంది. తుంపర, ఏరోసోల్ (గాలిలో తేలే సన్న కణాలు) అంటూ రెండుగా విడదీసే పాత పద్ధతి వదిలేసి, పరిమాణం ఏదైనా అన్నిటినీ కలిపి 'వ్యాధికారక శ్వాస కణాలు' అనే అర్థం వచ్చే కొత్త పేరు పెట్టింది 2024 ఏప్రిల్‌లో. అప్పటికి మహమ్మారి అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించి ఏడాది కావస్తోంది.

గాలిలో తేలే కణాల తీరు తెలుసుకోవాలంటే సిగరెట్ పొగను తలుచుకుంటే సరిపోతుంది. కాల్చేవాడి ముఖం ముందు పొగ చిక్కగా ఉంటుంది, దూరం జరిగేకొద్దీ పలచబడుతుంది. గది మూసి ఉంటే కాసేపటికి మూలలదాకా కమ్ముకుంటుంది, అప్పుడు మీరు ఒక మీటరు దూరంలో ఉన్నా మూడు మీటర్లలో ఉన్నా పెద్ద తేడా ఉండదు. ఆరుబయట ఇట్టే చెదిరిపోతుంది. కౌంటర్ల మీద బిగించిన ప్లాస్టిక్ అద్దాలు, నుదుటి నుంచి వేలాడే ఫేస్ షీల్డులు నేరుగా పడే తుంపరను ఆపుతాయి గానీ ఈ పొగను ఆపలేవు, అది పక్కల నుంచి తిరిగొస్తుంది. మాస్కు లేకుండా షీల్డు ఒక్కటే పెట్టుకుంటే ఒరిగేది తక్కువ అన్నది ఇందుకే.

గొంతు పెంచేకొద్దీ బయటికొచ్చే కణాలూ పెరుగుతాయని 2019లో, అంటే కోవిడ్‌కు ముందే, ప్రయోగాల్లో కొలిచి చూపించారు. మనం చేసేది మాత్రం సరిగ్గా దీనికి తలకిందులు. నోరు మూసుకుని కూర్చున్నంతసేపూ మాస్కు ఉంటుంది. మాట్లాడాల్సి రాగానే కిందికి దిగుతుంది. మైకు ముందుకొచ్చి మాస్కు తీసేసి, జాగ్రత్తగా ఉండండని ఉపన్యసించిన నాయకులను ఆ రెండేళ్లూ టీవీలో చూస్తూనే ఉన్నాం.

దారాల మధ్య ఏం జరుగుతుంది

మాస్కును తీసిపారేసే వాదాల్లో అన్నిటికంటే తెలివిగా వినిపించేది ఒకటుంది. వైరస్ 0.1 మైక్రాను, ఎన్95 మాస్కు మీదేమో 0.3 మైక్రాన్ల కణాలను ఆపుతుందని రాసి ఉంటుంది, అంతకంటే చిన్న వైరస్ దూరిపోదా? లెక్క సరిగ్గానే ఉంది. అనుకున్న తీరే తప్పు.

మొదటి సంగతి, వైరస్ ఒంటరిగా ప్రయాణించదు. ఉమ్మిలోని నీరు, లవణాలు, మాంసకృత్తులతో కలిసి తనకంటే పెద్దదైన తుంపరలో కూర్చుని వస్తుంది. రెండోది, ఇదే అసలు విషయం, మంచి మాస్కులోని పొర కణాలను రంధ్రాల సైజును బట్టి ఆపదు. ఆ పొరలో పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ దారాలు చిందరవందరగా, పొరల మీద పొరలుగా పడి ఉంటాయి. వాటి మధ్య ఖాళీలు వైరస్ కంటే చాలా పెద్దవే. గాలి ఆ దారాల చుట్టూ వంకర్లు తిరుగుతూ పోతుంది. పెద్ద కణం బరువు వల్ల గాలితో పాటు మలుపు తిరగలేక ఎదురుగా ఉన్న దారానికి గుద్దుకుని అతుక్కుపోతుంది. మరీ చిన్న కణాన్ని గాలి అణువులు అటూ ఇటూ నెడుతుంటాయి. అది తిన్నగా పోలేక తూలుతూ పోయి ఏదో దారానికి తగులుతుంది. చిక్కంతా మధ్య సైజుతోనే. గుద్దుకునేంత బరువూ లేక, తూలేంత తేలికా కాక తప్పించుకునే అవకాశం ఎక్కువున్నవి 0.3 మైక్రాన్లకు అటూ ఇటూ ఉండేవే. అందుకే పరీక్ష అక్కడ పెట్టారు. అన్నిటికంటే కష్టమైన సైజులోనే కనీసం 95 శాతం ఆపితేనే ఎన్95 అనే పేరు. అంతకంటే చిన్నవాటినీ పెద్దవాటినీ ఇంకా బాగా పట్టుకుంటుంది.

దీనికి తోడు ఆ దారాలకు స్థిర విద్యుత్ ఆవేశం ఎక్కించి ఉంటుంది, దగ్గరగా పోయే కణాలను అది లాక్కుంటుంది. టెన్నెసీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన పీటర్ సాయ్ ఈ పద్ధతికి మెరుగులు దిద్దినవాళ్లలో ముఖ్యుడు. ఎన్95ను సబ్బుతో ఉతకకూడదు, ఆల్కహాల్ చల్లకూడదు అనడానికి కారణం కూడా ఇదే. పైకి శుభ్రంగా కనిపిస్తుంది, లోపల ఆవేశం పోయి ఉంటుంది. శుభ్రం చేశామనుకుని మాస్కును పాడుచేసుకున్నవాళ్లు లెక్కలేనంతమంది.

ఇంత సన్న కణాలను ఆపితే ఆక్సిజన్ ఎలా వస్తుందని ఇంకో అనుమానం. ఆక్సిజన్ అణువు వైరస్ కంటే కొన్ని వందల రెట్లు చిన్నది, పైగా వాయువు. దారానికి తగిలినా అంటుకోకుండా మళ్లీ గాలిలో కలుస్తుంది. మాస్కుతో ఉక్కగా, ఇబ్బందిగా ఉండటం నిజమే. ఆరోగ్యవంతులకు ఊపిరాడకపోవడం మాత్రం నిజం కాదు. గంటల తరబడి ఆపరేషన్లు చేసే వైద్యులు అందుకు సాక్ష్యం.

ఇక బట్ట ఎంత గొప్పదైనా, గాలికి సులువైన దారి దొరికితే బట్టలోంచి పోవాల్సిన పని లేదు. బుగ్గల పక్కన, ముక్కు పైన ఉండే సందులే ఆ సులువైన దారి. 2021 ఫిబ్రవరిలో సీడీసీ ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించింది. దగ్గును అనుకరించే యంత్రానికి మామూలు సర్జికల్ మాస్కు తొడిగితే కణాల్లో 56 శాతమే ఆగాయి. అదే మాస్కు చెవి నాడాలకు ముడి వేసి, పక్కన మిగిలిన మడతలు లోపలికి దోపితే 77 శాతం ఆగాయి. ముడి వేయని సర్జికల్ మాస్కు మీద గుడ్డ మాస్కు కూడా వేస్తే 85 శాతం. మొదటి రెండింటిలో బట్ట మారలేదు, సందు మూసుకుంది, అంతే. ముక్కు బయటపెట్టి మాస్కు కట్టుకోవడం గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు. గుబురు గడ్డం మీద ఎన్95 పెట్టినా ఇదే కథ, అంచు చర్మానికి ఆనదు.

కవాటం ఉన్న మాస్కులు ఇంకో రకం. పీల్చేటప్పుడు వడపోస్తాయి, వదిలేటప్పుడు కవాటం తెరుచుకుని గాలిని నేరుగా బయటికి పంపుతాయి. దుమ్ములో పనిచేసేవాళ్లకోసం చేసినవి కాబట్టి అక్కడ అది సౌకర్యమే. తనకు జబ్బు ఉందో లేదో తెలియని మనిషి జనంలోకి వెళ్లడానికి అవి తగవు. కోవిడ్ లాంటి జబ్బుల్లో లక్షణాలు బయటపడకముందే అంటించడం మొదలవుతుంది కనుక ఆ తెలియని మనిషి మనలో ఎవరైనా కావచ్చు.

పరిశోధనలు ఒక్క మాట మీద ఎందుకు లేవు

ప్రయోగశాలలో ఇంత స్పష్టంగా ఉంటే, జనం మధ్య చేసిన పరీక్షల్లో ఫలితాలు ఎందుకు నీరుగారాయి? ఇక్కడ చాలామంది రెండు వేర్వేరు ప్రశ్నలను కలిపేస్తారు. మాస్కు కణాలను ఆపుతుందా అన్నది ఒకటి. జనానికి మాస్కులు ఇచ్చి పెట్టుకోమంటే జబ్బు తగ్గుతుందా అన్నది ఇంకొకటి. రెండోదాంట్లో మనిషి ప్రవర్తన సగం.

డెన్మార్క్‌లో 2020 ఏప్రిల్ నుంచి జూన్ దాకా దాదాపు 6,000 మందిని రెండుగా విడదీసి, ఒక జట్టుకు సర్జికల్ మాస్కులిచ్చి బయట పెట్టుకోమన్నారు. నెల తర్వాత చూస్తే మాస్కు జట్టులో 1.8 శాతం మందికి, రెండో జట్టులో 2.1 శాతం మందికి జబ్బు వచ్చింది. యాదృచ్ఛికంగా కూడా రాగలిగినంత చిన్న తేడా అది. అయితే చెప్పినట్టు మాస్కు పూర్తిగా వాడామన్నవాళ్లు సగం కంటే తక్కువ. చుట్టూ ఉన్న సమాజంలో మాస్కు దాదాపు లేదు. పెట్టుకున్నవాడి నుంచి ఎదుటివాళ్లకు కలిగే రక్షణను ఆ పరీక్ష కొలవనే లేదు, కొలిచేలా దాన్ని తయారుచేయలేదు.

బంగ్లాదేశ్‌లో జరిగింది దీనికంటే చాలా పెద్దది. 600 గ్రామాలు, మూడు లక్షల నలభై వేల మంది వయోజనులు. కొన్ని ఊళ్లలో మాస్కులు ఉచితంగా పంచి, పెద్దల చేత చెప్పించి, ఎదురుపడ్డ వాళ్లకు గుర్తుచేస్తూ వెళ్లారు. మాస్కు సరిగ్గా పెట్టుకునేవాళ్లు 13 శాతం నుంచి 42 శాతానికి పెరిగారు. లక్షణాలతో కూడిన, రక్తపరీక్షలో నిర్ధారణ అయిన కోవిడ్ మొత్తం మీద 9 శాతం పైచిలుకు తగ్గింది. సర్జికల్ మాస్కులు పంచిన ఊళ్లలో 11 శాతం తగ్గింది. అవే ఊళ్లలో 60 ఏళ్లు దాటినవాళ్లలో తగ్గుదల 35 శాతం. గుడ్డ మాస్కుల ఫలితం మాత్రం అంత గట్టిగా తేలలేదు. పది శాతమేనా అని పెదవి విరిచేముందు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. అదనంగా మాస్కు పెట్టుకున్నది పదిమందిలో ముగ్గురే.

2023 జనవరిలో కోక్రేన్ అనే సంస్థ ఇలాంటి పరీక్షలన్నీ కలిపి సమీక్ష వెలువరించింది. అందులో కోవిడ్‌కు ముందు ఫ్లూ కాలంలో చేసినవి ఎక్కువ. దాన్నే 'మాస్కులు పనిచేయవు' అని పత్రికలు, సోషల్ మీడియా ఎత్తుకున్నాయి. ఆ అర్థం తప్పు, తప్పుదోవ పట్టించేది అని కోక్రేన్ ప్రధాన సంపాదకురాలు కార్లా సోరెస్-వైజర్ మార్చిలో వివరణ ఇవ్వాల్సి వచ్చింది. ఆ సమీక్ష చూసింది మాస్కు పెట్టుకోమని ప్రోత్సహించే కార్యక్రమాల వల్ల వ్యాప్తి తగ్గుతుందా అని. దొరికిన జవాబు, ఇటో అటో తేలలేదు అని.

నా దృష్టిలో ఇరుపక్షాలూ ఇక్కడ చేతివాటం చూపించాయి. ప్రయోగశాల అంకెను పట్టుకుని '95 శాతం రక్షణ' అని పోస్టర్లు వేసినవాళ్లు మనిషిని లెక్కలోంచి తీసేశారు. జనం మీది పరీక్షలు చూపించి మాస్కే దండగ అన్నవాళ్లు, పెట్టుకోని మాస్కు పనిచేయలేదని ఫిర్యాదు చేశారు.

మాస్కులు, దూరం, బడుల మూత, ప్రయాణాల నిలిపివేత అన్నీ కలిసి ఎంత చేయగలవో మాత్రం ఫ్లూ చెప్పింది. 2020-21 చలికాలంలో ప్రపంచమంతటా ఫ్లూ దాదాపు కనిపించకుండా పోయింది. యమగాటా అనే ఒక రకం ఫ్లూ వైరస్ 2020 మార్చి తర్వాత నిర్ధారణగా ఎక్కడా దొరకలేదు. దాన్ని ఇక టీకాల్లో చేర్చక్కర్లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. ఇందులో మాస్కు వాటా ఎంత, మూసిన బడుల వాటా ఎంత అని విడదీయడం కుదిరే పని కాదు.

చేతులకు దక్కాల్సిన మర్యాద

గాలి గురించి ఇంత చెప్పాక చేతులు కడగడం వృథా అనిపించవచ్చు. కాదు. 1847లో వియన్నా ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు శవాల గదిలోంచి వచ్చే విద్యార్థుల చేత క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో ఆ వార్డులో బాలింతల మరణాలు 18 శాతం ఉంటే, కొన్ని నెలల్లోనే రెండు శాతం దరిదాపులకు దిగాయి. అక్కడ జబ్బు పోయిన దారి చేయి. ఆయన ఆ దారిని మూశాడు. 1961లో మొదలై ఇంకా ముగియని కలరా మహమ్మారిలో ఎన్ని మాస్కులు కట్టినా ఉపయోగం లేదు. అక్కడ నీళ్లూ సబ్బూ మరుగుదొడ్డే దిక్కు.

ఊపిరి జబ్బుల్లోనూ చేతుల పాత్ర చిన్నదే గానీ సున్నా కాదు. క్రమం తప్పకుండా చేతులు కడిగితే జలుబు లాంటివి 16 నుంచి 21 శాతం దాకా తగ్గుతాయని సీడీసీ చెబుతుంది. మనకు తెలియకుండానే ముఖం తడుముకునే అలవాటు మరి అలాంటిది. ఆస్ట్రేలియాలో వైద్య విద్యార్థుల్ని వీడియో తీసి చూస్తే ఒక్కొక్కరూ గంటకు సగటున 23 సార్లు ముఖం ముట్టుకున్నారు, అందులో దాదాపు సగం కళ్లూ ముక్కూ నోరే. ముట్టుకోకు అని చెప్పడం కంటే చేతులు శుభ్రంగా ఉంచుకోమనడమే ఆచరణలో సాధ్యం.

సబ్బు గొప్పతనం దాని అణువులోనే ఉంది. ఒక కొస నీటిని, ఇంకో కొస కొవ్వును పట్టుకుంటుంది. కరోనా, ఫ్లూ వైరస్‌ల పైపొర కొవ్వుతో చేసిందే కాబట్టి సబ్బు దానిలోకి చొచ్చుకుని పొరను విప్పేస్తుంది. చర్మం ముడతల్లో ఇది జరగడానికి సమయం కావాలి, ఇరవై సెకన్ల లెక్క అందుకే. ఖరీదైన యాంటీ బాక్టీరియల్ సబ్బు అక్కర్లేదు, మామూలుది చాలు. శానిటైజర్‌లో ఆల్కహాల్ 60 శాతానికి తగ్గకూడదు. నూరు శాతమైతే ఇంకా మంచిదనుకోవడమూ పొరపాటే, ఎందుకంటే వైరస్ మాంసకృత్తులు విరిగిపోవడానికి కొంత నీరు అవసరం. మట్టి, జిడ్డు అంటిన చేతుల మీద శానిటైజర్ సరిగ్గా పనిచేయదు. కొవ్వు పొర లేని నోరోవైరస్ లాంటివాటి మీద అసలే అంతంతమాత్రం. వాంతులు, విరేచనాల జబ్బు ఇంట్లో ఉన్నప్పుడు సీసా పక్కన పెట్టి కుళాయి దగ్గరికి వెళ్లాలి.

వస్తువుల సంగతి త్వరగా ముగించవచ్చు. ప్లాస్టిక్ మీద వైరస్ 72 గంటల దాకా కనిపించిందన్న 2020 మార్చి నాటి ప్రయోగం ప్రపంచాన్ని భయపెట్టింది. అక్కడ ఎక్కువ మోతాదులో వైరస్‌ను వేసి, ఎంతకాలం ఉంటుందో చూశారు. ఒక మనిషి దాన్ని తాకి జబ్బుపడతాడా అన్నది వేరే సంగతి. వైరస్ అంటిన వస్తువును ఒకసారి తాకితే జబ్బు సోకే అవకాశం పదివేలలో ఒకటి కంటే తక్కువని 2021 ఏప్రిల్‌లో సీడీసీ చెప్పేసింది. ఆ తర్వాత కూడా వీధుల్లో, దుకాణాల్లో మందు చల్లుతూనే ఉన్నారు. తుడవడం కళ్లకు కనిపిస్తుంది, ఫొటోకు బాగుంటుంది. తెరిచిన కిటికీని ఎవరు ఫొటో తీస్తారు?

అందరూ తీసేశాక

మాస్కు నిబంధనలు పోయాయి, చుట్టూ ఎవరూ పెట్టుకోవడం లేదు, ఇక నేనొక్కడినీ పెట్టుకుని ఏం లాభం అని అడిగేవాళ్లున్నారు. సర్జికల్, గుడ్డ మాస్కుల విషయంలో ఆ అనుమానం కొంతవరకు సబబే. అవి పెట్టుకున్నవాళ్ల కంటే ఎదుటివాళ్లనే ఎక్కువ కాపాడతాయి, ఎదుటివాళ్లు పెట్టుకుంటే మనల్ని కాపాడతాయి. ముఖానికి బిగువుగా ఆనే ఎన్95 లాంటివి మాత్రం పక్కవాళ్ల సహకారం లేకుండానే పనిచేసేలా తయారైనవి. క్షయ వార్డుల్లో పనిచేసే సిబ్బంది వాడేది అదే నమ్మకంతో.

కాబట్టి ఎప్పుడు, ఎవరు అన్నదే మిగిలిన ప్రశ్న. ఆరుబయట ఒంటరిగా నడిచేవాళ్లకు ఏ మాస్కూ అక్కర్లేదు. కిక్కిరిసిన, గాలి ఆడని గదిలో ఎక్కువసేపు గడపాల్సి వస్తే, అదీ జబ్బు బాగా ప్రబలిన రోజుల్లో అయితే, మంచి మాస్కు ఒక్కటి మిగతా జాగ్రత్తలన్నిటి కంటే ఎక్కువ పనిచేస్తుంది. ఆసుపత్రి వెయిటింగ్ హాలు అన్ని రోజుల్లోనూ అలాంటిదే. ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే మాస్కు పడాల్సింది ముందు ఆ ఒకరికి, తర్వాత సేవ చేసేవాళ్లకు. కిటికీ ఇద్దరికీ ఉమ్మడి మందు.

ఎన్95ను ఒక్కసారి వాడి పారేయాల్సిన పని లేదు. తడవనంతవరకూ, నలగనంతవరకూ గాలి తగిలే కాగితపు సంచిలో ఉంచి మార్చి మార్చి వాడుకోవచ్చు. పెట్టుకున్న ప్రతిసారీ ముక్కు మీది పట్టీని రెండు చేతులతో నొక్కి, గట్టిగా ఊపిరి వదిలి చూడండి. కళ్లద్దాల మీద ఆవిరి పట్టినా, కంటి కింద గాలి తగిలినా సందు ఉన్నట్టే, మళ్లీ సర్దుకోవాలి. ఎంత సర్దినా ఆ గాలి ఆగడం లేదంటే నాడాలు సాగిపోయినట్టు లెక్క, ఇంకోటి తీసుకోవాలి.